గేటు దాటాక జాడేదీ?

అప్రెంటిస్ అంటే, 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం, ఒక సంస్థతో ఒప్పందం కుదుర్చుకుని నిర్ణీత కాలం అక్కడే పనిచేస్తూ పని నేర్చుకునే శిక్షణార్థి. స్టైపెండ్ పేరిట నెలనెలా భృతి అందుతున్నా 18వ సెక్షన్ దృష్టిలో అతడు కార్మికుడు కాడు. శిక్షణ సాగినంత కాలం ప్రతి ఒక్కరి ప్రగతినీ రికార్డు చేయాలని యజమానిని 19వ సెక్షన్ ఆదేశిస్తుంది. పరీక్ష నెగ్గి, ధ్రువపత్రం పుచ్చుకుని గేటు దాటిన మరునాటి నుంచి అతడు ఏమయ్యాడో కనుక్కునే బాధ్యతను మాత్రం ఆ చట్టం ఎవరి మీదా పెట్టలేదు. ప్రజాధనం కలుస్తున్న పథకంలో ఈ లోటును ఇంకా కొనసాగనివ్వడం తప్పు. శిక్షణ ముగిసిన ప్రతి అప్రెంటిస్ వృత్తి గమనాన్నీ కనీసం మూడేళ్లపాటు నమోదు చేయడం చట్టబద్ధమైన విధి కావాలి.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఉత్తరప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ కేసులో 1995లో తీర్పు ఇచ్చిన సుప్రీంకోర్టు, ఇతర అర్హతలు సమానమైనప్పుడు నేరుగా వచ్చిన అభ్యర్థి కంటే శిక్షణ పొందిన అప్రెంటిస్‌కే ప్రాధాన్యం దక్కాలని చెప్పడంతో ఆగకుండా, శిక్షణ పొందినవారి జాబితాను సంవత్సరాలవారీగా ఉంచాలని, ముందు శిక్షణ పొందినవారిని సీనియర్లుగా పరిగణించాలని కూడా నిర్దేశించింది. జాబితా లేనిదే ప్రాధాన్యం కాగితం మీది మాటగానే మిగులుతుందని న్యాయస్థానం గ్రహించిందన్నమాట. శిక్షణ పూర్తయినవారి నియామకంపై ప్రతి యజమానీ తన విధానాన్ని తానే రూపొందించుకోవాలని 2014 సవరణ చెప్పింది గాని, ఆ విధానం కింద ఎందరికి ఉద్యోగం దొరికిందో ఏటా ప్రకటించాలని చెప్పలేదు.

దీని ఫలితం తేలిగ్గా ఊహించదగినదే. ముప్ఫై మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి; 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద ఒక్కొక్కరి స్టైపెండ్‌లో నాలుగో వంతు, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరిస్తుంది. ఇలా తీసుకున్నవారికి శ్రద్ధగా పని నేర్పి సొంత కొలువులో నిలుపుకునే సంస్థ ఒకటైతే, ఏడాదికో జట్టును తెచ్చి, మామూలు కార్మికుడి పనంతా చేయించుకుని, గడువు తీరగానే పంపేసి మరో జట్టుకు తలుపు తీసే సంస్థ ఇంకొకటి. చేరికల లెక్క ఒక్కటే చూసే ప్రభుత్వానికి ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. నిజానికి రెండోదానికే అంకెలు ఘనంగా ఉంటాయి.

ఉద్యోగం వచ్చిందా లేదా అన్న ప్రశ్న ఒక్కటే అడిగినా చాలదు. ఫిట్టర్ ట్రేడులో శిక్షణ పొందిన యువకుడు ఏడాది తిరక్కుండా బైకు మీద భోజనం పొట్లాలు చేరవేస్తుంటే అతడు ఉపాధి పొందినవాడే గాని, ఆ శిక్షణ మాత్రం వృథా అయినట్టే. చేస్తున్న పని నేర్చిన ట్రేడుకు చెందినదేనా, వేతనం పెరిగిందా, శిక్షణ పొందిన మహిళల్లో ఎందరు పనిలో కొనసాగుతున్నారు అన్నవి తేలితేనే ఏ కోర్సు నిలపాలో, ఏది మార్చాలో తెలుస్తుంది. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన మొదటి మూడు విడతల్లో స్వల్పకాలిక కోర్సులు చేసినవారికి ప్లేస్‌మెంట్ల నమోదు ఉండగా, నాలుగో విడతలో అభ్యర్థులు తమ దారిని తామే ఎంచుకుంటారంటూ దాన్ని పక్కన పెట్టారు. దారి ఎంచుకునే స్వేచ్ఛకూ, ఎంచుకున్న దారి ఎటు పోయిందో తెలుసుకోవడానికీ వైరం ఎక్కడుందో అర్థం కాదు.

సాధనాలు లేవనడానికీ వీల్లేదు. భవిష్యనిధి సంస్థ 2014 నుంచి ఇస్తున్న యూఏఎన్, అంటే ఉద్యోగి ఎన్ని కొలువులు మారినా మారని ఖాతా సంఖ్య, ఆధార్‌తో ముడిపడి ఉంది. అప్రెంటిస్ సమ్మతితో దాన్ని శిక్షణ రికార్డుకు జతచేస్తే సంఘటిత రంగంలో చేరినవారి సంగతి దానంతటదే తెలుస్తుంది. చిన్న వర్క్‌షాపుల్లో పనిచేసేవారు, సొంతంగా మోటారు వైండింగ్ దుకాణం పెట్టుకున్నవారు, గల్ఫ్‌కు వెళ్లినవారు ఆ వలకు చిక్కరు కనుక ఆరు నెలలకు, ఏడాదికి, మూడేళ్లకు ఫోనులో పలకరించే సర్వే అవసరం. పూర్వ శిక్షణార్థులను ఇలా వెతికి అడిగే పద్ధతినే ట్రేసర్ స్టడీ అంటారు. ఆ పనిని ఇప్పటికే సిబ్బంది కొరతతో ఉన్న ఐటీఐ ప్రిన్సిపాల్ నెత్తిన రుద్దకుండా, చట్టంలోనే ఉన్న రాష్ట్ర అప్రెంటిస్‌షిప్ సలహాదారు కార్యాలయానికి నిధులిచ్చి అప్పగించాలి. వ్యక్తుల వివరాలు 2023 నాటి డేటా రక్షణ చట్టానికి లోబడి గోప్యంగా ఉండాలి. సంస్థలవారీ, ట్రేడులవారీ మొత్తాలు మాత్రం బహిరంగంగా ఉండాలి.

తెలంగాణ 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్ భాగస్వామ్యంతో అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పనికి పూనుకుంది. ఆంధ్రప్రదేశ్ మంగళగిరిలో ప్రయోగాత్మకంగా నైపుణ్య గణన చేపట్టింది. యంత్రాలకు పెట్టే ఖర్చుతో పోలిస్తే ఈ నమోదుకయ్యేది స్వల్పం. కేంద్ర చట్ట సవరణ కోసం ఎదురుచూడకుండా రెండు ప్రభుత్వాలూ తమ ఐటీఐలతోనూ, తమ ఆర్టీసీ, విద్యుత్ సంస్థల్లోని అప్రెంటిస్‌లతోనూ దీన్ని ఈ ఏడాదే మొదలుపెట్టి, తొలి నివేదికను శాసనసభ ముందుంచాలి.