ఇంటర్వెల్ కబుర్లు: మీ పాత్రకి దేవుడెవరు?

"పాతాళభైరవి" (1951) చూడనివాళ్ళు మీలో ఉండరనుకుంటాను. అందులో ఓ చిక్కుంది, గమనించారా? నేపాళ మాంత్రికుడు కొలిచేదీ ఆ అమ్మవారినే, చివరికి తోటరాముడి మీద దయ చూపేదీ ఆ అమ్మవారే. దేవత ఒక్కర్తే! మరి ఒకడు విలనూ, ఒకడు హీరో ఎలా అయ్యారు? ఇన్నిసార్లు చూసినా నాకీ ప్రశ్న తట్టలేదు. మొన్న అమెరికాలో మా చెల్లెలింట్లో, భోజనాల బల్ల దగ్గర పాచికలు పట్టుకు కూర్చున్నప్పుడు తట్టింది.

మా మేనల్లుడూ, వాడి స్నేహితులూ ప్రతి శనివారం "డన్జన్స్ అండ్ డ్రాగన్స్" ఆడతారు. కంప్యూటర్ ఆట అనుకునేరు! తెర లేదు. ఒకడు డన్జన్ మాస్టర్, అంటే కథా దర్శకత్వం వాడివి. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. డైలాగులు ఎవరివి వాళ్ళవే, అక్కడికక్కడే చెప్పాలి. కత్తి తగిలిందా, తలుపు విరిగిందా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. 2023లో క్రిస్ పైన్ హీరోగా ఈ ఆట పేరుతోనే సినిమా వచ్చింది. "స్ట్రేంజర్ థింగ్స్"లో పిల్లలాడేదీ ఇదే.

ఆ రోజు ఒకడు రాలేదు. "మావయ్యా, వాడి బదులు నువ్వు క్లెరిక్‌వి" అన్నాడు మావాడు. క్లెరిక్ అంటే దేవుడి సేవకుడు. గాయాలు మాన్పుతాడు, పిశాచాల్ని తరుముతాడు, అవసరమైతే గద పట్టి నాలుగు తగిలిస్తాడు.

అన్నట్టు, ఈ క్లెరిక్ పుట్టింది గుళ్ళో కాదండోయ్, సినిమా హాల్లో! ఈ ఆటని గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో అచ్చువేశారు. అంతకుముందే ఆర్నెసన్ బృందంలో ఒకాయన పాత్ర రక్తపిశాచిగా మారి, ఎవరికీ లొంగకుండా అందర్నీ చావగొట్టడం మొదలుపెట్టింది. దానికి విరుగుడుగా పిశాచాల వేటగాణ్ణి సృష్టించారు. హేమర్ వారి "డ్రాకులా" (1958) చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. క్లైమాక్సులో పీటర్ కుషింగ్ రెండు కొవ్వొత్తి స్టాండులు అడ్డంగా పట్టి శిలువ చేసి క్రిస్టఫర్ లీని ఎండలోకి నెడతాడే, ఆయన పోలికే మన క్లెరిక్‌ది. 1974 పుస్తకంలో ఈ పాత్రకి దేవుడి పేరంటూ లేదు. ధర్మం వైపా, అధర్మం వైపా అన్నదే లెక్క. కానీ ఆడేవాళ్ళు ఊరుకుంటారా? ఎవరికి మొక్కుతున్నామో చెప్పమన్నారు. 1976లో దేవుళ్ళకంటూ ఒక పుస్తకమే వచ్చింది.

సరే, నా సంగతి. మావాడు జాబితా ముందు పెట్టాడు. ఎడ్ గ్రీన్‌వుడ్ సృష్టించిన "ఫర్గాటెన్ రెల్మ్స్" లోకంలో దేవుళ్ళకి కొదవేముంది! ఫైటింగులంటే ప్రాణం కదా, యుద్ధదేవుడు టెంపస్ మీద వేలు పెట్టాను.

"ఏం ఇస్తాడో అందరూ చూస్తారు మావయ్యా. ఏం వద్దంటాడో చూసి ఎంచుకో, ఆట రంజుగా ఉంటుంది" అన్నాడు.

పంతం కొద్దీ ఇల్మేటర్‌ని ఎంచుకున్నాను. ఎర్రతాడుతో కట్టేసిన రెండు చేతులు ఆయన గుర్తు. పరుల బాధని తన మీద వేసుకునే దేవుడు.

గంట తిరక్కుండానే చిక్కొచ్చిపడింది. గోబ్లిన్ అనే మరుగుజ్జు రాక్షసుడొకడు మాకు దొరికిపోయి, గాయాలతో మూలుగుతున్నాడు. నా దగ్గర గాయం మాన్పే మంత్రం ఒక్కటే మిగిలింది. మా యోధుడికీ దెబ్బలున్నాయి. "శత్రువుని వదిలెయ్, నాకు వెయ్" అన్నాడు యోధుడి పాత్రవాడు. నా దేవుడు ఒప్పుకోడే! మంత్రం గోబ్లిన్‌కి వేశాను. తర్వాతి గుమ్మంలో బాణాల ఉచ్చు. పాచిక తిరగబడింది. యోధుడు పోయాడు.

అది ఆ కుర్రాడు ఏడాదిగా ఆడుతున్న పాత్ర. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మీ దేవుడైతే అదే చేసేవాడు లెండి" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్రపట్టలేదంటే నమ్మండి.

అసలు గొడవ మరుసటి వారం. మావాడి దగ్గర 1980లో వచ్చిన పాత దేవుళ్ళ పుస్తకం ఉంది. అందులో జ్యూస్, ఓడిన్‌ల పక్కన మన ఇంద్రుడు, అగ్ని, విష్ణువు, కాళి ఉన్నారు. ఎవరి ప్రాణబలం ఎంతో అంకెలతో సహా! యోధుణ్ణి పోగొట్టుకున్న కుర్రాడు కొత్త పాత్ర కోసం దాన్ని తిరగేసి, "కాళి పూజారిని అవుతా, గుండెలు పీకుతా" అన్నాడు. "ఇండియానా జోన్స్" రెండో సినిమా (1984) చూశాడన్నమాట. అమ్రీష్ పురి చేసిన పూజారి! ఆ స్క్రిప్టుకి మన ప్రభుత్వం అనుమతివ్వకపోతే శ్రీలంకలో తీశారు.

మావాడి మొహం మాడిపోయింది. అరవలేదు. ఆ కుర్రాణ్ణి వంటింటి పక్క పూజగదికి తీసుకెళ్ళాడు. కాళికామాత పటం, ముందు దీపం. "మా అమ్మ రోజూ మాట్లాడేది ఈవిడతోనే" అన్నాడు.

కుర్రాడు చాలాసేపు పటాన్నే చూశాడు. "నాకు సినిమాయే తెలుసు, సారీ" అన్నాడు. అప్పుడే నాకు పాతాళభైరవి గుర్తొచ్చి, కథంతా చెప్పాను. "మాంత్రికుడు అమ్మవారిని అడిగిందేమిటి, అందుకోసం ఇస్తానన్నదేమిటి?" అనడిగాడు వాడు. చూశారా! వాడు ఇస్తానన్నది ఇంకొకడి తల. విలనీ అంతా అక్కడుంది, అమ్మవారిలో కాదు.

వాళ్ళే ఒక నియమం పెట్టుకున్నారు: బల్ల చుట్టూ ఉన్నవాళ్ళింట్లో ఎవరైనా దండం పెట్టే దేవుణ్ణి అడక్కుండా ఆటలోకి తేకూడదు. 2014లో వచ్చిన ఆటగాళ్ళ పుస్తకంలో గ్రీకు, ఈజిప్టు, నార్స్, కెల్ట్ దేవుళ్ళ జాబితాలున్నాయి గానీ మనవాళ్ళు లేరు. నాకేమీ లోటనిపించలేదు.

మీరూ ఎప్పుడైనా ఈ ఆటకి కూర్చుంటే, దేవుడి పేరు రాసే గడి దగ్గర కాస్త ఆగండి. ఆ దేవుడి కోసం మీ పాత్ర ఏం వదులుకుంటుందో కూడా పక్కనే రాసుకోండి. అది రాయలేకపోతే మాంత్రికుడి పార్టీలో చేరినట్టే!

బెల్లు కొట్టారు. వచ్చే వారం కలుద్దాం.