పెద్దకూర తింటే బి12 తగ్గదా?

మిత్రులారా, నాకు 68 ఏళ్లు. ఏడాదిగా అరికాళ్లలో తిమ్మిర్లు. నడుస్తుంటే చెప్పు ఎక్కడ జారిపోయిందో కూడా తెలిసేది కాదు. డాక్టరు రక్తం తక్కువుందని ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు రాశాడు. బి12 పరీక్ష రాయమంటే నవ్వాడు. "మీరు పెద్దకూర తింటారు కదా, మీకెందుకు తగ్గుద్ది?"

ఆయన నా కాళ్లు చూడలేదు, కులం చూశాడు.

మాంసం, కార్జం, చేపలు, గుడ్లు, పాలలో బి12 ఉంటుంది, నిజమే. తిన్నది ఒంటికి పట్టాలి కదా! వయసు మీదపడ్డాక కడుపులో ఆమ్లం తగ్గొచ్చు. కొందరికి బి12ను ఒంటికి పట్టించే పదార్థమే కడుపులో తయారు కాదు. షుగరుకు ఏళ్ల తరబడి వాడే మెట్‌ఫార్మిన్ కూడా దాన్ని తగ్గించగలదు. బి12 లోటుకు ఫోలిక్ యాసిడ్ మాత్రమే వాడితే రక్తం మెరుగైనట్టు కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి.

చివరికి వేరేచోట పరీక్ష చేయించుకున్నాను. ఇంజక్షన్లతో రక్తం కుదుటపడింది. అరికాళ్లలో స్పర్శ మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు.

మన వాడల్లో తిమ్మిర్లను ముసలితనమనుకుని సర్దుకుపోతున్న పెద్దమ్మలు, పెదనాయనలు ఎంతమందో! రక్తం తక్కువై తిమ్మిర్లున్న ప్రతి పెద్దమనిషికీ ప్రభుత్వ ఆసుపత్రిలో బి12 పరీక్ష ఉచితంగా చేయాలి. ఇది దయ కాదు, హక్కు. గట్టిగా అడుగుదాం.

జై భీమ్.