మూడు వైపులా కొండలు, నాలుగో వైపు?

శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక హైటెక్ సిటీలో ఎంత పని జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కాఫీ మెషీన్ దగ్గర ఎవడో ఒకడు ఫోన్ తీసి వీడియో చూపిస్తాడు. డ్రోన్‌తో తీసింది. వెనకాల గిటారు. పచ్చటి కొండలు, వాటి మధ్య నెలవంకలా వంగిన ఇసక, పలచటి నీలి నీళ్ళు, నరమానవుడు లేడు. కింద రాసి ఉంటుంది, ఇదేదో మధ్యధరా సముద్రం ఒడ్డు అనుకుంటున్నారా, కాదు మన వైజాగే అని. అంతే, అరగంటలో వాట్సాప్ గ్రూపు, గంటలో ఎక్సెల్ షీటు, సాయంత్రానికి రైలు టిక్కెట్లు.

ఆ చోటి పేరు యారాడ. వైజాగ్ ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరంలో, డాల్ఫిన్ నోస్ కొండకి అవతలి పక్క. అందమైన చోటే, అందులో నాకు పేచీ లేదు. కొండెక్కి దిగేటప్పుడు ఒక మలుపులో సముద్రం మొత్తం ఒక్కసారి కళ్ళ ముందుకొస్తుంది చూడండి, బస్సులో అంత్యాక్షరి కూడా ఆగిపోతుంది. నా పేచీ ఆ వీడియోలో వాడే మూడు ముక్కలతో: "ప్రశాంతమైన", "ఎవరికీ తెలియని", "మూడు వైపులా కొండలతో సురక్షితమైన". మొదటిది సగం అబద్ధం. రెండోది పూర్తి అబద్ధం, ఆదివారం వెళ్ళి పార్కింగ్ వెతుక్కోండి తెలుస్తుంది. మూడోది మనుషుల ప్రాణాలు తీసే అబద్ధం.

ఎందుకో చెప్తాను. మధ్యధరా సముద్రం అంటే నిజానికి ఒక పెద్ద చెరువు లాంటిది. చుట్టూ భూమి. అట్లాంటిక్ వైపు ఉన్న ఒకే ఒక్క గుమ్మం జిబ్రాల్టర్ జలసంధి, ఇరుకైన చోట దాని వెడల్పు సుమారు 14 కిలోమీటర్లు. మహాసముద్రంలో పుట్టిన పెద్ద అలలు ఆ సందులోంచి దూరి గ్రీసు దాకా రాలేవు. ఆటుపోట్ల తేడా కూడా చాలాచోట్ల అర మీటరుకి మించదు. దానికి తోడు అక్కడి ఇరుకు మూతి ఉన్న రాతి మడుగుల్లోకి అల వచ్చేసరికి, రెండు పక్కల రాళ్ళకీ కొట్టుకుని సగం చస్తుంది. అందుకే అక్కడ చిన్నపిల్లలు కూడా ఈతకొలనులో దిగినట్టు దిగుతారు. (అక్కడ కూడా గాలి తిరిగితే మునిగిపోయేవాళ్ళు ఉన్నారు, అది వేరే సంగతి.)

ఇప్పుడు యారాడ. మ్యాప్ తెరిచి, యారాడ ఇసక మీద వేలు పెట్టి, తిన్నగా దక్షిణానికి గీత గీయండి. ఆ గీత శ్రీలంకకి తూర్పుగా, దానికి తగలకుండా వెళ్ళిపోతుంది. తర్వాత భూమధ్యరేఖ. ఆ తర్వాత... ఏమీ లేదు. అంటార్కిటికా వచ్చేదాకా ఒక్క దీవి కూడా అడ్డం రాదు. దాదాపు తొమ్మిది వేల కిలోమీటర్ల నీళ్ళు! అక్కడెక్కడో దక్షిణ మహాసముద్రంలో తుఫాను రేగితే, ఆ అలలు రోజుల తరబడి ప్రయాణం చేసి మన ఒడ్డుకొస్తాయి. ఆ రోజు వైజాగ్‌లో ఎండ కాస్తుంటుంది, ఆకు కదలదు. "వాతావరణం సూపర్ రా" అనుకుంటూ మనవాళ్ళు నీళ్ళలోకి దిగుతారు. మూడు వైపుల కొండలు గాలిని ఆపుతాయేమో, అలని కాదు. అల వచ్చేది నాలుగో వైపు నించి, ఆ వైపు తలుపులు బార్లా తీసి ఉన్నాయి.

నమ్మకం కుదరకపోతే అదే కొండకి ఇవతలి పక్క చూడండి. డాల్ఫిన్ నోస్ చాటున ఉన్నది విశాఖ ఓడరేవు, 1933లో తెరిచారు. మన తీరంలో నిజంగా కొండ చాటున్న నీళ్ళంటే అవీ. అక్కడ కూడా కొండొక్కటీ చాల్లేదు. అలలకి అడ్డంగా రెండు పాత ఓడల్ని పనిగట్టుకుని ముంచి గోడలా నిలబెట్టారు ఆనాటి ఇంజినీర్లు. ఓడలకే రక్షణ కోసం ఓడల్ని ముంచాల్సి వచ్చిన సముద్రం ఇది. కొండకి అవతలి పక్క, అడ్డుకట్టా ఏమీ లేని చోట, మనం షార్ట్స్ వేసుకుని "సురక్షితం" అంటున్నాం.

సరే, ఇదంతా నాకు ముందే తెలుసనుకునేరు. తెలీదు. రెండేళ్ళ కిందట మా టీమ్‌తో వెళ్ళినప్పుడు అందరికంటే ముందు నీళ్ళలోకి పరిగెత్తింది నేనే. అక్కడ ప్రమాద హెచ్చరిక బోర్డు ఉంది, చూశాం. దాని పక్కన నిలబడి గ్రూప్ ఫోటో కూడా దిగాం. :)

అలలు గట్టిగా విరుగుతున్నాయి, ఆడవాళ్ళు భయపడుతున్నారని కాస్త ప్రశాంతమైన చోటు కోసం వెతికాం. ఒకచోట దొరికింది. రెండు పక్కలా తెల్లటి నురగ, మధ్యలో ఓ సందులో మాత్రం అల విరగట్లేదు, నీళ్ళు కాస్త ముదురు రంగులో నిశ్చలంగా ఉన్నాయి. మా తెలివికి మేమే మురిసిపోయి అటు నడుస్తుంటే, పడవ పక్కన వల బాగుచేసుకుంటున్న ఓ తాత కేకేశాడు:

"అక్కడికెల్లకండి బాబూ! కెరటం ఇరగని చోట నీరు లోనికి లాగీస్తది!"

మేం వినిపించుకున్నామా? లేదు. ఈ లోపల మావాడొకడు నడుం లోతుకి వెళ్ళాడు. అంతే, మరో నిమిషంలో వాడి తల మాకు చాలా చిన్నగా కనపడుతోంది. చెయ్యి ఊపుతున్నాడు. మాలో ఇద్దరు నవ్వుతూ తిరిగి చెయ్యి ఊపారు. అది నేను ఈ జన్మలో మర్చిపోలేను.

వాణ్ణి బయటికి తెచ్చింది మేం కాదు. ఆ తాతా, ఇంకో ఇద్దరు కుర్రాళ్ళూ. తాడుకి ఖాళీ ప్లాస్టిక్ డబ్బా కట్టి ఈదుకుంటూ వెళ్ళి తెచ్చారు. వాడు ఇసక మీద పడి దగ్గుతుంటే మా మేనేజరు పర్సు తీసి రెండు అయిదొందల నోట్లు ఇవ్వబోయాడు. తాత తీసుకోలేదు. "నాను పిలిస్తే ఇనుంటే సరిపోను గదా" అని మళ్ళీ వల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ సందుని రిప్ కరెంట్ అంటారని తర్వాత చదువుకున్నాను. ఒడ్డు మీదికి ఎక్కిన నీళ్ళన్నీ మళ్ళీ లోపలికి వెళ్ళడానికి ఒక కాలువ చేసుకుంటాయి. ఆ కాలువలో లోతెక్కువ, అందుకే అక్కడ అల విరగదు, అందుకే ప్రశాంతంగా కనిపిస్తుంది. కొన్నిసార్లు సెకనుకి రెండు మీటర్లు దాటి లాగుతుంది. వంద మీటర్లు యాభై సెకన్లలో ఈదేవాడి వేగం అది, అంటే ఒలింపిక్స్ ఫైనల్లో ఉండే మనిషి. మన గేటెడ్ కమ్యూనిటీ కొలనులో నాలుగడుగుల లోతులో నేర్చుకున్న ఈత దానికి ఆనదు. ఎదురీదితే అలిసిపోయి మునిగిపోవడమే. తేలుతూ ఉండాలి, చెయ్యెత్తి పిలవాలి, ఓపికుంటే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది ఆ కాలువలోంచి తప్పుకోవాలి. ఒడ్డునున్నవాళ్ళు ఆవేశంగా దూకకూడదు, తేలే వస్తువు ఏదో ఒకటి విసరాలి. మునిగేవాడి కోసం దూకి తనూ పోయినవాళ్ళ వార్తలు మనం పేపర్లో ఎన్ని చదవలేదు?

అంటే "ప్రశాంతమైన చోటు వెతుక్కోవడం" అనే మన అలవాటే మనల్ని తిన్నగా దాని నోట్లోకి తీసుకెళ్తోందన్నమాట. మనది చెరువుల ఊరు. హుస్సేన్ సాగరూ, దుర్గం చెరువూ చూసి పెరిగిన కళ్ళు మనవి. దుర్గం చెరువుని ఒకప్పుడు రహస్య చెరువు అనేవారు, రాళ్ళ గుట్టల మధ్య దాక్కుని ఉండేదని. ఇప్పుడు దాని మీద 2020లో కట్టిన తీగల వంతెన ఉంది, సెల్ఫీలున్నాయి, అది వేరే బాధ. చెప్పొచ్చేదేంటంటే కదలని నీళ్ళు మంచి నీళ్ళు అనే లెక్క చెరువు దగ్గరే పూర్తిగా పనికిరాదు, సముద్రం దగ్గర అసలే పనికిరాదు.

నాకు ఒళ్ళు మండే విషయం ఇంకోటుంది. మన దేశం సముద్రం మొత్తానికీ అలల జోస్యం చెప్పే ఆఫీసు ఎక్కడుందో తెలుసా? వైజాగ్‌లో కాదు, చెన్నైలో కాదు. మన కూకట్‌పల్లి అవతల, ప్రగతినగర్లో! ఇన్‌కాయిస్ అంటారు, 1999లో పెట్టారు. 2004 సునామీ తర్వాత, 2007 నించి సునామీ హెచ్చరికలు కూడా అక్కణ్ణించే. ఏ తీరంలో ఏ రోజు అలలు ఎంత ఎత్తు వస్తాయో, దూరం నించి ఉప్పెన అలలు ఎప్పుడు తగులుతాయో రోజూ వెబ్‌సైట్లో పెడతారు. ఊరికే, పైసా తీసుకోకుండా. మన క్యాబ్ రూట్లో ఉన్న ఆఫీసు. వాళ్ళు చెప్పింది జాలరులు వింటారు, మనం వినం. మనం వినేది డ్రోన్ గిటారుని. 2024 మే నెలలో కన్యాకుమారి జిల్లాలో ఐదుగురు వైద్య విద్యార్థులు ఇలాంటి దూరపు అలలకే కొట్టుకుపోయారు. హెచ్చరిక అప్పటికే వచ్చి ఉంది. చదువుకున్నవాళ్ళే, మనలాంటివాళ్ళే.

దీని మీద ఆఫీసులో వాదన పెట్టుకుంటే నాకు రెండు సమాధానాలు వచ్చాయి. మొదటిది, "మేం పదిసార్లు వెళ్ళాం, ఏం కాలేదు". ఈ మాటన్నవాడు మా టీమ్‌లో సీనియర్ డెవలపర్. పదిసార్లు నడిచి పదకొండోసారి పడిపోయే కోడ్ ఎలా ఉంటుందో వాడికి చెప్పాలా నేను? వాడి మెషీన్లో పనిచేస్తే రిలీజ్‌కి ఒప్పుకోని మనిషి, సముద్రం విషయంలో మాత్రం "నా మెషీన్లో పనిచేసింది" అంటాడు. రెండోది, "బ్లూ ఫ్లాగ్ ఉన్న బీచికి పోదాంలే, రుషికొండకి". రుషికొండకి 2020లో ఆ గుర్తింపు వచ్చిన మాట నిజం, 2025లో నిర్వహణ బాగాలేదని కొన్నాళ్ళు పోయి మళ్ళీ వచ్చిన మాటా నిజం. కానీ ఆ జెండా చెప్పేది నీళ్ళు శుభ్రం, సదుపాయాలున్నాయి, కాపలా ఉంది అని. ఇవాళ సముద్రం బుద్ధిగా ఉందని కాదు. అక్కడ కూడా లైఫ్‌గార్డు వద్దంటే వద్దనే.

బీచిలన్నీ మూసెయ్యమని నేననట్లేదు. ప్రమాదం జరిగిన ప్రతిసారీ రెండు నెలలు పోలీసులు కర్ర పట్టుకుని అందర్నీ తరమడం, మూడో నెల మర్చిపోవడం, అదీ మనకి తెలిసిన ఆటే. సముద్రం చూడండి, మోకాళ్ళ దాకా తడవండి, లైఫ్‌గార్డు లేని చోట అంతకు మించి వద్దు. దానికి ముందు ఒడ్డున ఉన్న జాలరిని ఒక్క మాట అడగండి.

అడిగి ఊరుకోకండి, డబ్బులివ్వండి. ఇదీ నా అసలు గొడవ. మనం పోతే బతికించేది ఆ ఊరివాళ్ళు, తమ పని మానుకుని, తమ ప్రాణం పణంగా పెట్టి, ఊరికే. మన ట్రిప్ బడ్జెట్‌లో డీజేకి ఉంది, టీషర్టులకి ఉంది, డ్రోన్‌కి కూడా ఉంది. అందులో పదో వంతు పెట్టినా ఆ ఊళ్ళోనే ఇద్దరు గజ ఈతగాళ్ళని రోజు కూలికి పెట్టుకోవచ్చు. తాడు, ట్యూబు పట్టుకుని ఒడ్డున నిలబడతారు. వాళ్ళు ఆగమంటే ఆగాలి, మేనేజరైనా సరే.

ఈ డిసెంబరు ట్రిప్‌కి ఆ లైను నేనే షీట్లో చేర్చాను: "గజ ఈతగాళ్ళు – 2, ఒక రోజు". మావాడు, అదే ఆ రోజు చెయ్యి ఊపినవాడు, దాని కింద అందరికంటే ముందు సరేనన్నాడు. నిన్న ఫైనాన్సు నించి షీటు వెనక్కొచ్చింది. డీజే ఓకే, డ్రోన్ ఓకే. మా లైను ఎర్ర రంగులో ఉంది, పక్కన ఒక ప్రశ్న: ఈ ఇద్దరికీ వెండర్ కోడ్, జీఎస్టీ నంబరు ఏవి?