ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమా?

పిల్లలు "గేమింగ్ కంప్యూటరు" అని నోరు తెరవగానే మన మధ్యతరగతి ఇళ్ళలో రెండే రెండు రకాల సమాధానాలు వినబడుతూంటాయి. ఒకటి: "ఆటలకి కంప్యూటరేమిట్రా, సంబడం! చదువుకైతే చూద్దాం." రెండోది: "సరే, ఏడవకు. నాన్నగారు ఆదివారం పెద్ద షాపుకి తీసికెళ్ళి రెడీగా ఉన్నది కొనిపెడతారులే." మొదటిది పొదుపనీ, రెండోది ప్రేమనీ మనం అనుకుంటూంటాం. నన్నడిగితే రెండూ ఒకటే. ఆలోచించే శ్రమ తప్పించుకోవటం!

మూడో దారి ఒకటుంది. ఇంట్లోంచి ఇంత డబ్బు తీయగలం అని ముందే తేల్చి చెప్పి, విడిభాగాలు పిల్లల చేతనే ఎంచి కొనిపించి, వాళ్ళ చేతనే హాల్లో చాప మీద బిగింపించటం. జమాఖర్చుల పుస్తకం తల్లి చేతిలో ఉండాలి. స్క్రూడ్రైవరు పిల్లల చేతిలో ఉండాలి, ఆ పిల్ల ఆడపిల్లయితే మరీనూ. ఇదీ నా వాదన. కాదనేవాళ్ళు చాలామందే ఉన్నారు కనుక ఒక్కొక్కరికీ సమాధానం చెప్పుకుంటూ వస్తాను.

ముందుగా "చదువుకైతే సరే, ఆటలకైతే వద్దు" అనేవాళ్ళు. అమ్మా, చదువుల కంప్యూటరు ఒక జాతి, ఆటల కంప్యూటరు ఇంకో జాతి అని లేదు. ఆటలో కొండల్నీ కోటల్నీ కళ్ళముందు నిలబెట్టే గ్రాఫిక్స్ కార్డే రేపు వీడియో కత్తిరింపులకీ, ఇంజనీరింగు బొమ్మలకీ పనికొస్తుంది. పైగా "చదువుకే అమ్మా" అని వాడు చెప్పటం, అబద్ధమని తెలిసీ మనం తలూపటం, ఆ తరవాత దొంగతనంగా ఆడుతున్నాడని దెబ్బలాడటం, ఇదంతా ఎందుకూ? ఆటకే అని చెప్పి అడిగిన పిల్లవాడు కనీసం నిజం చెప్పాడు. దానికి మార్కులెయ్యొద్దూ?

ఆటలంటే జూదమని భయపడేవాళ్ళున్నారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు, కొంపలు గుల్లయిన సంగతులు విన్నాం. అయితే డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలు వేరు, ఇవి వేరు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం కూడా ఆ తేడా చూపించింది. పందెం ఆటల్ని నిషేధించి, ఈ-స్పోర్ట్సుని ప్రోత్సహించాలంది. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో వీటికి పతకాలే ఇచ్చారు. ఇక ఎంతసేపు ఆడాలన్నది వేరే తగువు. అది టి.వి.కీ, ఫోనుకీ, శ్రీవారి పేకాటకీ కూడా వర్తించే తగువే! దుప్పటి కింద ఫోనుకంటే హాల్లో బల్ల మీదున్న కంప్యూటరు మీద కన్నేసి ఉంచటం సులువని మాత్రం చెప్పగలను.

రెండో జట్టు వారు "ఎందుకొచ్చిన గొడవ, రెడీమేడ్ కొనేస్తే పోలా?" అనేవాళ్ళు. బంగారం కొట్లో తరుగెంత, మజూరీ ఎంత అని గుచ్చి గుచ్చి అడిగే ఇల్లాలు, కంప్యూటరు దుకాణంలో అద్దాల పెట్టెలో ఎర్రవీ నీలివీ దీపాలు గిర్రున తిరుగుతూంటే అలా చూస్తూ నిలబడిపోతుందేమిటి? ఆ దీపాల వల్ల ఆట ఒక్క పిసరు కూడా వేగంగా నడవదు. పైన పటారం, లోన లొటారం! ప్రకటనలో ప్రాసెసరు పేరు బారెడు అక్షరాల్లో ఉంటుంది. పవర్ సప్లై ఏ కంపెనీదో, ర్యామ్ ఒక ముక్కా రెండు ముక్కలా, గ్రాఫిక్స్ కార్డు ఏ ఏటి సరుకో చాలాసార్లు చెప్పనే చెప్పరు. అందరూ అలాగే అనటం లేదు. అన్నిటికీ కలిపి ఒకే వారంటీ ఇచ్చే మంచి దుకాణాలూ ఉన్నాయి. హాస్టలుకి వెళ్ళే పిల్లకి లాప్‌టాపే సరి, ఒప్పుకుంటాను. కానీ లాప్‌టాపులో గ్రాఫిక్స్ చిప్పు సాధారణంగా బోర్డుకే అతికించి ఉంటుంది. మూడేళ్ళ తరవాత అది చాలకపోతే మొత్తం యంత్రాన్నే మార్చుకోవాలి. విడిగా కట్టుకున్నదానికి ఆ భాగం ఒక్కటే మారుస్తాం. చీర బాగానే ఉండి అంచు చిరిగితే అంచే మార్పించుకునే జాతి కదా మనది!

ఇక లెక్కలోకి వద్దాం. మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోవాలి కనుక ముందు అంకె కాగితం మీద పడాలి. అప్పుచేసి, వాయిదాల మీద కొనే ఆట ఆటే కాదు. కొనవలసినవి ఏడు: గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసరు, మదర్‌బోర్డు, ర్యామ్, సామాను దాచుకునే అలమరలాంటి ఎస్.ఎస్.డి., పవర్ సప్లై, ఇవన్నీ పట్టే క్యాబినెట్. నూరు రూపాయలుంటే నేనైతే ఇలా పంచుతాను: గ్రాఫిక్స్ కార్డుకి 35, ప్రాసెసరుకి 17, ర్యామ్‌కి 15, మదర్‌బోర్డుకి 11, పవర్ సప్లైకి 9, ఎస్.ఎస్.డి.కి 8, క్యాబినెట్‌కి 5. తెర ఈ లెక్కలో లేదు. హెచ్.డి.ఎం.ఐ. తీగతో ఇంట్లో టి.వి.కి తగిలించుకుని కొన్నాళ్ళు గడపవచ్చు.

ఆ పంపకానికి డబ్బు చాలలేదా? అప్పుడు గ్రాఫిక్స్ కార్డు ప్రస్తుతానికి మానెయ్యండి. చిత్రాలు గీసే భాగం లోపలే ఇమిడి ఉన్న ప్రాసెసర్లున్నాయి. 2021లో వచ్చిన ఏ.ఎం.డి. వారి రైజెన్ 5 5600జి అలాంటిదే. వాలరెంట్, మైన్‌క్రాఫ్ట్ లాంటి తేలికపాటి ఆటలు హంగులు కాస్త తగ్గించుకుంటే దానిమీద హాయిగా నడుస్తాయి. డబ్బు కూడిన రోజున కార్డు చేర్చుకోవచ్చు. ఒక్క సంగతి మాత్రం మరచిపోకండి. ఇలాంటి ప్రాసెసరుకి పదహారు జి.బి. ర్యామ్ ఒకే ముక్కగా కాక, ఎనిమిదేసి చొప్పున రెండు ముక్కలు వెయ్యాలి. అదే తొట్టె, అవే నీళ్ళు, కాని ఒక కుళాయి బదులు రెండు కుళాయిలు విప్పినట్టు! దుకాణదారు "ఒకటే తీసుకోండమ్మా, రెండూ ఒకటే" అంటే నమ్మకండి.

ర్యామ్ అంటే గుర్తొచ్చింది. 2025 చివరి నెలల్లో దాని ధర చుక్కలు చూసింది. కృత్రిమ మేధ కోసం కడుతున్న మహా డేటా కేంద్రాలకి సరుకంతా మళ్ళటం వల్ల మనబోటివాళ్ళకి కరువొచ్చింది. మైక్రాన్ కంపెనీ అయితే, క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నామని ఆ ఏడు డిసెంబరులో ప్రకటించేసింది. అందుచేత పిల్లలు ఏ పాత వీడియోలోనో చూసి రాసుకొచ్చిన ధరల పట్టీని నమ్మి బజారుకి వెళ్ళకండి. ఉల్లిపాయల ధర కిందటేడాది చూసి ఈ ఏడు సంచీ పట్టుకు వెళ్తామా?

గ్రాఫిక్స్ కార్డు సెకండ్ హ్యాండుది కొనటం నామోషీ కాదు. కాని దాని పుట్టుపూర్వోత్తరాలు విచారించాలి. ఒకప్పుడు ఈథీరియం అనే డిజిటల్ నాణేల్ని ఈ కార్డులతోనే రాత్రింబవళ్ళు తవ్వేవారు. 2022 సెప్టెంబరులో ఆ పద్ధతి మారిపోయి, అలా అలిసిన కార్డులు బోలెడు బజారున పడ్డాయి. కనుక బిల్లు అడగండి. డబ్బిచ్చే ముందు అరగంట సేపు ఏదైనా ఆట ఆడించి చూడండి. ఫాను అరిచినా, తెరమీద చారలు పడినా దండం పెట్టి వచ్చెయ్యండి.

అన్నిటికంటే నాకు ఒళ్ళు మండేది పవర్ సప్లై దగ్గర. గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటుని యంత్రం తట్టుకోగల 12, 5, 3.3 వోల్టులకి దించి పంపే పెట్టె అది. మిగతా ఆరు భాగాల ప్రాణమూ దాని చేతిలో ఉంది. సరిగ్గా అక్కడికొచ్చేసరికి మనవాళ్ళకి పొదుపు గుర్తొస్తుంది. "ఏదో ఒకటి వెయ్యవయ్యా" అంటారు! ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటమంటే ఇదే మరి. పేరున్న కంపెనీది, 80 ప్లస్ గుర్తున్నది తీసుకోండి. గోడలోంచి లాగిన కరెంటులో నూటికి ఎనభై పాళ్ళకి తగ్గకుండా యంత్రానికి అందిస్తుందని ఆ గుర్తుకి అర్థం. గుర్తొక్కటే రక్ష కాదు కనుక కంపెనీ పేరు కూడా చూడాలి. ఇంట్లో ప్లగ్గుకి ఎర్తింగు ఉందో లేదో ఎలక్ట్రీషియన్ని పిలిచి చూపించండి. కరెంటు బిల్లు భయమా? 250 వాట్లు లాగే యంత్రం మీద నాలుగు గంటలాడితే ఒక్క యూనిట్!

కొనటానికి ఎక్కడికి వెళ్ళాలంటారా? సికింద్రాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటరుంది. చెన్నైలో ఉన్న మనవాళ్ళకి రిచీ స్ట్రీటుంది. మూడు కొట్లలో అడగనిదే ఏదీ కొనకండి. కూరల బజారులో చేసే పనేగా! "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తానమ్మా" అనేవాడి దగ్గర ఆగకండి. జి.ఎస్.టి. 18 శాతం పడినా సరే, వస్తువు మీది నంబరు బిల్లులో రాయించుకోండి. రేపు అది మొరాయిస్తే వారంటీకి ఆ కాగితమే ఆధారం. "విండోస్ ఉచితంగా వేసిస్తాం" అంటే అది దొంగ సరుకని అర్థం. డబ్బు లేకపోతే ఉచితంగా దొరికే లైనక్స్ వేసుకోవచ్చు. చాలా ఆటలు దానిమీద నడుస్తాయి. వాలరెంట్ లాంటివి కొన్ని మాత్రం నడవవు. పిల్లలకి ఏ ఆట కావాలో ముందే అడిగి తెలుసుకోండి.

ఇక మూడో జట్టు. అసలు నా పోట్లాట వీళ్ళతోనే. "అబ్బాయైతే ఏదో తంటాలు పడతాడు, ఆడపిల్లకెందుకమ్మా ఈ స్క్రూలూ తీగలూ?" అంటారు. గ్యాసు రెగ్యులేటరు బిగించేదెవరు? మిక్సీ జారు బ్లేడు విప్పి కడిగేదెవరు? కుక్కరు రబ్బరు మార్చేదెవరు? ఇవన్నీ చేసే చెయ్యి నాలుగు స్క్రూలు బిగించలేదా? 1946లో అమెరికాలో లోకానికి చూపించిన ఎనియాక్ అనే మహాకంప్యూటరుకి లెక్క నడిపే పద్ధతి అమర్చింది ఆరుగురు ఆడవాళ్ళు. తీగలు పీకీ, గుచ్చీ, మీటలు తిప్పీ అమర్చారు. చాలా ఏళ్ళపాటు వాళ్ళ పేర్లు ఎవరికీ పట్టలేదు, అది వేరే సంగతి. చంద్రుడి మీదికి వెళ్ళిన అపోలో నౌకల కంప్యూటరుకి జ్ఞాపకశక్తి నిజంగానే నేసిపెట్టారు. సన్నని తీగల్ని చేత్తో అల్లి నేసినవాళ్ళు ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్ళే. బొమ్మలతో కూడిన సాహసాల ఆటని ఇంటింటి కంప్యూటర్లకి పరిచయం చేసిన "మిస్టరీ హౌస్" 1980లో వచ్చింది. దాన్ని ఊహించి రూపుకట్టింది రాబర్టా విలియమ్స్ అనే ఇల్లాలు. మన అమ్మాయి మాత్రం అన్నయ్య ఆడుతూంటే వెనకాల నిలబడి చూడాలా?

బిగించటం బ్రహ్మవిద్య కూడా కాదు. కరెంటు తీసేసి, ముందుగా ఏదైనా ఇనుప వస్తువు తాకి, ఒంట్లో ఉన్న స్టాటిక్ కరెంటు పోగొట్టుకోవాలి. ప్రాసెసరు మూల మీద చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. సాకెట్టు మీద గుర్తుతో అది కలిస్తే తనంతట తనే కూర్చుంటుంది, నొక్కకూడదు. ర్యామ్‌కి ఒక గాటు ఉంటుంది, తిరగేసి పెట్టాలన్నా పట్టదు. ప్రాసెసరుకీ ఫానుకీ మధ్య బఠాణీ గింజంత పేస్టు చాలు. గ్రాఫిక్స్ కార్డు ఉంటే తెర తీగని మదర్‌బోర్డుకి కాదు, కార్డుకే తగిలించాలి. ఒక పూట పని. మొదటిసారి మీట నొక్కినప్పుడు వెలగకపోవచ్చు. వెలగలేదని ఏడ్చే పిల్ల, ఒక్కొక్క తీగే తడిమి చూసి ఎక్కడ వదులుగా ఉందో పట్టుకునే పిల్లగా మారేది ఆ పూటే. రెడీమేడ్ పెట్టెలో అది అమ్మరు.

ఇంకో సంగతి. నెల జీతం ఒకటో తారీకున చేతికొస్తే బియ్యానికింత, పాలకింత, ఫీజులకింత అని పంచి, ఇరవయ్యో తారీకు దాటించే విద్య మనకి ఏ కాలేజీ నేర్పలేదు. ఆ విద్య పిల్లలకి ఎలా నేర్పాలో తెలియక "పొదుపు చెయ్యరా" అని ఊరికే నీతులు చెబుతూంటాం. వాళ్ళు ప్రాణంపెట్టి కోరుకునే వస్తువే పాఠంగా వచ్చి గుమ్మంలో నిలబడితే తలుపు మూసేస్తామా? దీపాల క్యాబినెట్ కావాలంటే గ్రాఫిక్స్ కార్డు ఒక మెట్టు దిగాలని వాళ్ళే కూడికలూ తీసివేతలూ వేసి తెలుసుకోవాలి. మనం కాదనటం వేరు, లెక్క కాదనటం వేరు.

కనుక ఈసారి పిల్లలు అడిగినప్పుడు "వద్దు" అనకండి. "సరే"నని కూడా అనకండి. "కాగితమూ పెన్సిలూ పట్రా" అనండి.