పారేసే కప్పు వద్దు, కడుక్కునే కప్పు ముద్దు

అమెరికాలో అమ్మాయి దగ్గరికో, అబ్బాయి దగ్గరికో వెళ్లారా? వంటింటి గట్టు మీద క్యూరిగ్ కాఫీ మిషన్ ఉంటే, పక్కనే చిన్న ప్లాస్టిక్ కప్పుల పెట్టె కూడా కనిపిస్తుంది. ఒక్కో కప్పులో ఒకసారికి సరిపడా కాఫీ పొడి. కాఫీ దిగగానే కప్పు చెత్తబుట్టలోకే. ఇంట్లో రోజుకు నాలుగు కాఫీలంటే ఏడాదికి 1,460 కప్పులు! డబ్బూ దండగే, చెత్తా దండగే.

బదులుగా, కడిగి మళ్లీ వాడుకునే జల్లి కప్పు దొరుకుతుంది. 2014లో వచ్చిన కొత్త మోడల్‌కు కంపెనీ దీన్ని లేకుండా చేస్తే, కొన్నవాళ్లు గోల చేసి 2015లో మళ్లీ తెప్పించుకున్నారు. మిషన్ మోడల్ చూసుకుని సరిపోయేదే కొనండి.

ఇవి గుర్తుంచుకోండి:

* మరీ మెత్తటి పొడి జల్లి రంధ్రాలను మూసేస్తుంది. కొంచెం బరకగా ఉన్నదే వాడండి.

* మన ఫిల్టర్‌లోలా పొడిని అదమకండి. గీత దాటి నింపకండి.

* చిక్కటి డికాషన్ కావాలంటే అన్నిటికన్నా చిన్న కప్పు మీట నొక్కండి. పాలు విడిగా కాచి కలపండి. నీళ్ల తొట్టిలో పాలు పోశారో, మిషన్ పాడైనట్టే!

* టీకి డస్ట్ పనికిరాదు, ఆకు టీ వేయండి.

* చల్లారాక పిప్పి దులిపి, సబ్బునీళ్లతో పాత టూత్‌బ్రష్ పెట్టి రుద్దండి. మూత తీసి ఆరబెట్టండి. లేకపోతే జిడ్డు వాసన మర్నాటి కాఫీకి పట్టేస్తుంది.

ఆ పిప్పిని కొద్దికొద్దిగా కుండీ మట్టిలో కలిపేయండి.