బండికి దారిబత్తెం

తెలుగు పంతులుకు పెట్రోలు ట్యాంకులతో పనేమిటని మిత్రులు నవ్వుకోవచ్చు. సంధులూ సమాసాలూ చెప్పుకుంటూ ముప్ఫైయేళ్లకు పైగా గడిపినవాణ్ణి. ఇంజను మరమ్మతు నేను నేర్చిన విద్య కాదు. అయితే మా ఊళ్లో మోటారు సైకిళ్ల షెడ్డు నడుపుతున్నవాడూ, లద్దాఖ్ యాత్రకు సిద్ధమవుతున్నవాడూ ఇద్దరూ నా శిష్యులే. బండికి వెనుక ఇరవై లీటర్ల రెండో ట్యాంకు బిగించి తీరాలని యాత్రికుడు, బిగించనని మెకానిక్కు. ఈ తగవుకు నన్ను తీర్పరిగా కూర్చోబెట్టారు. ఇరువురి వాదమూ విని, చదవవలసినవి చదివి నేనొక అభిప్రాయానికి వచ్చాను. అది నా శిష్యులకే కాక, ఏటా వేసవిలో అటు బయలుదేరే మన పిల్లలందరికీ పనికివస్తుందని ఈ టపా రాస్తున్నాను.

పథమంటే దారి. దారిలో పనికివచ్చే తిండి పాథేయం. మన పెద్దలు దానినే దారిబత్తెం అన్నారు, సద్దిమూట అన్నారు. పేరేదైనా దానికొక కొలత ఉంది. దారి ఎంతో బత్తెం అంత. తక్కువైతే ఆకలి, ఎక్కువైతే మోత. బండికి కట్టే అదనపు ట్యాంకు కూడా దారిబత్తెమే కాబట్టి దానికీ ఇదే కొలత వర్తిస్తుందని నా వాదం.

ముందు లెక్క చూద్దాం. మనాలి నుండి లేహ్ వెళ్లే దారిలో చంద్రా, భాగా నదులు కలిసే చోట తాండీ అనే ఊరుంది. అక్కడి బంకు దగ్గర తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరాన ఉందని హెచ్చరించే బోర్డు యాత్రికులలో ఎంతో ప్రసిద్ధం. ఆ బోర్డు పక్కన నిలబడి ఫొటో తీయించుకోని వాడు అరుదు. ఆ అంకెనే ఉదాహరణగా తీసుకుందాం. మా యాత్రికుడి బండి క్లాసిక్ 350. దాని ట్యాంకు 13 లీటర్లు. లీటరుకు 28 కిలోమీటర్లు నడిస్తే 364 కిలోమీటర్లు. ఒక్క కిలోమీటరు తక్కువ! సామాను బరువు, కనుమల ఎక్కుడు, చిన్న గేర్లు కలిసి 28 కాస్తా 25కు దిగితే కావలసింది 14.6 లీటర్లు. అంటే లోటు లీటరున్నర పైచిలుకు. కొండచరియ విరిగిపడో, మంచు కమ్మో దారి మూసుకుపోతే కొంతదూరం వెనక్కు రావలసి ఉంటుంది. అందుకని మరో మూడు లీటర్లు వేసుకుందాం. మొత్తం ఐదు లీటర్లు. ఇరవై లీటర్లు కలిపితే 33 అవుతుంది. అదే 25 చొప్పున 825 కిలోమీటర్లు. బంకు లేని 825 కిలోమీటర్ల దారి ఆ యాత్రలో ఎక్కడుంది? 17 లీటర్ల ట్యాంకుతో వచ్చే హిమాలయన్ 450 వంటి బండికైతే ఈ లెక్క ప్రకారం 425 కిలోమీటర్లు వస్తాయి. దానికి అదనం కేవలం ధైర్యం కోసమే.

ఇక్కడొక మాట. 2025 నాటికి మన బంకులలో 20 శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు వచ్చింది. లీటరు ఇథనాలులో ఉండే శక్తి లీటరు పెట్రోలు శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులే. కనుక పాత యాత్రాకథనాలలోని మైలేజీ అంకెలను యథాతథంగా నమ్మరాదు. ఎవరి బండిని వారు సామానుతో సహా నడిపి చూసి లెక్క కట్టుకోవాలి.

ఇప్పుడు మెకానిక్కు మాట. పది లీటర్ల పెట్రోలు సుమారు ఏడున్నర కిలోలు. ఇరవై లీటర్లు పదిహేను. ట్యాంకు ఇనుముదైతే దాని బరువు వేరు. ఆ బరువును వెనుక చక్రపు ఇరుసు దాటి క్యారియరు మీద పెడితే ముందు చక్రం తేలికై హ్యాండిలు పట్టు తప్పుతుంది. సగం నిండిన ట్యాంకులో లోపల అడ్డుగోడలు లేకపోతే ప్రతి మలుపులోనూ పెట్రోలు ఒక పక్కకు పొర్లి బండిని తనతో లాగుతుంది. పెట్టక తప్పదంటే వెనుక మనిషి కూర్చునే చోట, రెండు ఇరుసుల మధ్య, వీలైనంత కిందికి పెట్టాలి.

ఇక పైపుల సంగతి. ఇంజెక్షను బండ్లలో పెట్రోలు పంపు అసలు ట్యాంకులోనే ఉంటుంది. కాబట్టి రెండో ట్యాంకు నేరుగా ఇంజనుకు కాక అసలు ట్యాంకులోకే పారాలి. నీరు పల్లమెరుగును, పెట్రోలూ అంతే. రెండో ట్యాంకులోని మట్టం అసలు ట్యాంకు మట్టం కంటే ఎత్తున ఉంటేనే అది తనంతట పారుతుంది. లేకుంటే చిన్న కరెంటు పంపు కావాలి. మధ్యలో కొళాయి ఉండి తీరాలి. అసలు ట్యాంకు సగమైనా ఖాళీ కాకముందే దాన్ని తిప్పితే, నిండిన పెట్రోలు మూతలోంచి పొంగి వేడి ఇంజను మీద పడుతుంది. ట్యాంకుకు గాలి లోపలికి పోయే దారి లేకపోతే లోపల శూన్యం ఏర్పడి ధార ఆగిపోతుంది. పైపు నీళ్ల పైపు కారాదు. ఇథనాలు కొన్ని రకాల రబ్బరును తినేస్తుంది. ఇన్నింటిలో ఏ ఒక్కటి తప్పినా యాత్రికుడు కూర్చున్నది నిప్పు మీద. ‘నేను బిగించలేక కాదు సార్, వాడు మూడు వేల కిలోమీటర్ల అవతల కొళాయి కట్టడం మరచిపోతే పక్కన నేనుండను’ అన్నాడు మా మెకానిక్కు. ఈ మాటకు యాత్రికుడి దగ్గర సమాధానం లేదు.

చట్టం కూడా చూడాలి. తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా బండిని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది. 2019 సవరణతో దానికి శిక్షలూ గట్టిపడ్డాయి. అలాగని అదనపు పెట్రోలు తీసుకుపోవడమే నేరం కాదు. 1934 నాటి పెట్రోలియం చట్టం 8వ సెక్షను ప్రకారం అమ్మకానికి కాక సొంతానికి 30 లీటర్ల వరకు లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు. అయితే గట్టిగా మూత బిగించిన గాజు, జాడీ లేదా లోహపాత్రలలోనే ఉంచాలి. గాజూ జాడీ అయితే ఒక్కొక్కటి ఒక లీటరుకూ, లోహపాత్ర 25 లీటర్లకూ మించరాదు. ప్లాస్టిక్కు ప్రస్తావన ఆ వాక్యంలో లేనే లేదు. మనవాళ్లు కూల్‌డ్రింకు సీసాలలో పెట్రోలు నింపి సంచీలో వేసుకుని పోవడం చూస్తుంటే ఆ తొంభైయేళ్ల నాటి వాక్యం మళ్లీ చదివించాలనిపిస్తుంది. ఐదువేల మీటర్ల పైన గాలి పీడనం సముద్రమట్టం దగ్గరి దానిలో దాదాపు సగమే. కింద మూత బిగించిన డబ్బా పైకి పోయేకొద్దీ ఉబ్బుతుంది. సీసా సంగతి చెప్పాలా?

అయితే మా యాత్రికుడి మనసులోని మాట వేరు. అతనికి కావలసింది బంకు లేని దారి దాటడం కాదు, ఎక్కడా ఆగకుండా పోవడం. ఈ ముచ్చటకు పేరుమోసిన చోటు అమెరికా. అక్కడి ఐరన్ బట్ అసోసియేషన్ వారు 24 గంటలలో వెయ్యి మైళ్లు, అంటే 1609 కిలోమీటర్లు నడిపినవారికి ధ్రువపత్రమిస్తారు. పదకొండు రోజుల పోటీ కూడా పెడతారు. రెండో ట్యాంకు అక్కడ మామూలు విషయం. కాని దూరమే వ్రతంగా పెట్టుకున్న ఆ సంఘం కూడా తన పోటీలో రెండు ట్యాంకులూ కలిపి పదకొండున్నర అమెరికా గ్యాలన్లు, సుమారు 43.5 లీటర్లు దాటరాదని హద్దు గీసింది. పైగా అవి ఎక్కువగా విశాలమైన హైవేలు. మంచు కరిగిన వాగులు రోడ్డెక్కే కనుమలు కావు.

సంస్కృత ఛందస్సులో యతి అంటే విరామం. పద్యం చదివేవాడు ఊపిరి తీసుకునే చోటు. అది బలహీనత వల్ల వచ్చింది కాదు. పద్యం నడక దానిమీదే నిలుస్తుంది. నా దృష్టిలో బంకు దారికి యతిస్థానం. అక్కడ నడుము వాలుస్తాము, టీ తాగుతాము, చెయిను చూసుకుంటాము, ముందు దారి ఎలా ఉందో ఎదురు వచ్చినవాణ్ణి అడుగుతాము. ట్యాంకు ఖాళీ అవుతున్నదన్న హెచ్చరిక బండికే కాదు, నడిపేవాడి ఒంటికీ పనికివస్తుంది. ఇరవై లీటర్లు వెనుక ఉన్నవాడికి ఆ హెచ్చరిక వినబడదు. పెట్రోలుకు రెండో ట్యాంకు ఉంది, నిద్రకు లేదు. 5,328 మీటర్ల తంగ్లంగ్ లా మీద ప్రాణవాయువుకూ లేదు.

కనుక నా తీర్పు ఇది. లెక్క కట్టి లోటు ఉంటేనే అదనపు పెట్రోలు. ఆ లోటుకు మరో మూడు లీటర్లు చేర్చి అంతటితో ఆగాలి. ఐదు లీటర్లకు ప్రత్యేక ట్యాంకూ పైపులూ అక్కరలేదు. పెట్రోలుకోసమే చేసిన లోహపు డబ్బా, సైలెన్సరుకు దూరంగా, కదలకుండా బిగించే చట్రం చాలు. నింపేటప్పుడు డబ్బా నేల మీద ఉండాలి, పైన కాస్త ఖాళీ ఉండాలి. అసలు ట్యాంకులో చోటు కాగానే ఇంజను ఆపి, చల్లారనిచ్చి, మూత మెల్లగా తిప్పి పోసుకోవాలి. అప్పటినుండి మోసేది ఖాళీ డబ్బాయే.

ఆ దారిన వెళ్లివచ్చిన మిత్రులెవరైనా ఉంటే, మీ బండి లీటరుకు ఎంత నడిచిందో, అదనంగా ఎంత తీసుకువెళ్లారో, అందులో ఎంత మిగిలిందో దయచేసి వ్యాఖ్యలలో రాయండి. నా లెక్క తప్పని తేలితే అంకెలు మారుస్తాను. ఆగడం గురించి చెప్పినది మాత్రం మార్చను.