హాల్లో వీణకు చోటేదీ?
బొబ్బిలిలో కొత్తగా కట్టిన ఏ ఇంటి హాల్లోకి వెళ్లినా ఫాల్స్ సీలింగు, గోడంత టీవీ యూనిట్టు, దాని అద్దాల అరలో జానెడు బొమ్మ వీణ కనిపిస్తాయి. పక్కనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి ఇంటిపేరున్న కళాకారులు ఒకే పనస దుంగను తొలిచి కుండ, దండి తీసే వీణకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన హాల్లో మాత్రం దాని బొమ్మకే చోటు. బొమ్మలు కొనొద్దనడం లేదు, వాటి మీదా ఆ కళాకారుల ఇళ్లలో పొయ్యి వెలుగుతుంది. కానీ ఇంట్లో వాయించే పిల్ల ఉంటే గది ప్లాను వీణతోనే మొదలెట్టాలి. పడమటి కిటికీ పక్కన పెట్టారో, 24 మెట్లనూ పట్టి ఉంచే మైనం ఎండకి మెత్తబడి మెట్లు కదులుతాయి, స్వరం తప్పుతుంది. ఏసీ గాలి సూటిగా తగలడమూ చెక్కకి మంచిది కాదు. లోపలి గోడవారగా చాప పరిచేంత జాగా, పక్కనుంచి కాస్త వెలుతురు చాలు. ఆ గోడ టీవీకి కావాలంటారా? టీవీని పడగ్గదిలోకి తోసెయ్యండి. అలిగితే సీరియళ్లు చూసే పెద్దాయనే అలుగుతాడు, రెండ్రోజులు.